సైదమ్మ మరణ కారణం

బండలవారిపాలెం,
తేది 19-11-1984.

మహారాజశ్రీ తాలూకా తహసీల్దారు వారి సముఖమునకు,

మాచర్ల దాపున బండలవారిపాలెం గ్రామ కాపురస్తుడు, రాతిపని వృత్తిగా గల వల్లెపు మస్తాన్‌రావు, తండ్రి కోటయ్య, వయసు 31, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా గ్రామ జనన మరణ రిజిస్టరులో 1983 ఆగస్టు నెల పుటయందు, నా కుమార్తె సైదమ్మ పేరునకు ఎదురుగా ‘మరణ కారణం’ అను గడిలో వ్రాయబడిన వాక్యమును కొట్టివేయించి, వాస్తవ కారణమును వ్రాయించి, నకలు ఇప్పించుట గురించి.

1. అర్జీదారుడనగు నాకును, నా భార్య నాంచారమ్మకును 1980 మే నెలలో ఒక ఆడశిశువు జన్మించినది. సదరు శిశువు పుట్టుకతోనే గుండె వ్యాధి కలిగినదై, ది. 22-8-1983న మరణించినది. అప్పటి గ్రామ మునసబు గారు సదరు మరణమును నమోదు చేసి, కారణపు గడిలో ఈ దిగువ విధముగా వ్రాసియున్నారు: “గ్రహణ కాలమందు గర్భవతియగు తల్లి రాతికి బెజ్జములు కొట్టిన దోషమున, శిశువు గుండెకు బెజ్జము పడి మరణము.” సదరు వాక్యము అసత్యము.

2. మునసబు పదవులు ఈ సంవత్సరము జనవరిలో రద్దు కాబడినందున సదరు రిజిస్టరు గోనెసంచిలో తమ కచ్చేరికి చేరినది. అర్జీదారుడు ఇప్పటికి నాలుగు పర్యాయములు వచ్చి విచారించగా, గుమాస్తా గారు రిజిస్టరు తీసి చూసి, సమాచారము ఇచ్చిన వ్యక్తి గడిలో అర్జీదారుని సంతకమే యున్నదనియు, సమాచారమిచ్చిన వ్యక్తియే దానిపై అభ్యంతరము చెప్పుటకు నిబంధన లేదనియు, కావున వేరొక వ్యక్తిని తీసుకొని రావలసినదనియు సెలవిచ్చినారు. ఆ వేరొక వ్యక్తి ఎవరో అర్జీదారునకు బోధపడలేదు. ఈ అర్జీలో ఫిర్యాదియు నేనే, ప్రతివాదియు నేనే అని మనవి.

3. సదరు రిజిస్టరు నకలు గత సంవత్సరము నవంబరులో మా కులపెద్దల ఎదుట చదువబడినది. దానిని బట్టి పెద్దలు నా భార్యను దోషము గలదిగా తీర్మానించి, శావల్యాపురములోని ఆమె అన్న పున్నారావు ఇంటికి పంపివేసినారు. ఆ నకలు తెచ్చి పెద్దలకు చూపినది కూడా అర్జీదారుడే. ఇప్పుడు తీర్పు తిప్పమని కోరగా, సర్కారు కాగితం చూసి చెప్పిన తీర్పును సర్కారు కాగితం చూసే మార్చగలమని పెద్దలు అనుచున్నారు.

4. పున్నారావు భార్యకు వచ్చే నెల మొదటి వారములో పురుడు. దోషము గల మనిషి నీడ నిండు చూలాలిపై పడరాదని ఇరుగుపొరుగు స్త్రీలు పట్టుబట్టుటచే నా భార్య ఇప్పటికే గొడ్లపాకలో పడుకొనుచున్నది. పురుటినాటికి ఆ వీధిలోనే ఉండరాదని చెప్పియున్నారు.

అయ్యా, ఇంతవరకు రాసింది కచ్చేరి గోడ పక్కన బల్ల వేసుకుని అర్జీలు రాసే బాలశౌరి గారు. మిగతాది కూడా నేను చెప్పబోతే ఆయన కలానికి మూత పెట్టేశాడు. ఆఫీసరుకు కారణం చాలు, కథ అక్కర్లేదన్నాడు. కొంచెం విన్నాక, అది తన చేత్తో రాయలేనని, కావాలంటే నన్నే రాసుకోమని కాగితం నా వైపు తోశాడు. అందుకని ఇక్కడి నుంచి దస్తూరి నాది. ఏడో తరగతి దాకా చదివాను. సమాధి రాళ్ళ మీద పేర్లు చెక్కిన చెయ్యి కాబట్టి అక్షరం గుండ్రంగానే ఉంటుంది. భాష మాత్రం బాలశౌరి గారి భాషలా ఉండదు, మన్నించాలి.

5. 1980 ఫిబ్రవరి 16, శనివారం నాటి సంపూర్ణ సూర్యగ్రహణం తమకు గుర్తుండే ఉంటుంది. సూర్యుడి వైపు చూడొద్దని పది రోజుల ముందు నుంచీ రేడియో అదే పనిగా చెప్పింది. మా పాలెంలో చూడటం సంగతి అటుంచి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కుకున్నారు. నాంచారమ్మకు అప్పుడు ఆరో నెల. గర్భిణి గ్రహణం పూట ఏదైనా కోసినా, గుచ్చినా, కుట్టినా ఆ గాటు బిడ్డ మీద పడుతుందని మావాళ్ళ నమ్మకం. పెదవి చీలి పుట్టిన పిల్లల్ని గ్రహణం మొర్రి అనే అంటాం. తమ కచ్చేరిలో వాళ్ళూ అంటారు, నేను విన్నాను.

ఆ రోజు మధ్యాహ్నం నాంచారమ్మ గనిలో కూచుని ఒక కంచెరాయికి రెండు బెజ్జాలు కొట్టింది. పొలం చుట్టూ పాతే రాళ్ళకు ఇనుప తీగ దూర్చటానికి కొట్టే బెజ్జాలు అవి. గ్రహణం పట్టినప్పుడు ఆమె చేతిలో సుత్తీ ఉలీ ఉన్నాయి. ఇది నిజం. ఊరందరికీ నేను చెప్పింది ఇదే. చెప్పనిది ఒకటుంది. దాన్ని తొమ్మిదో నంబరులో రాస్తాను, ఇప్పుడు చెయ్యి రావటం లేదు.

6. పిల్ల పుట్టినప్పుడు బాగానే ఉందనుకున్నాం. పాలు తాగుతూ తాగుతూ మధ్యలో చెమటలు పట్టి ఆగిపోయేది. గుక్కపట్టి ఏడిస్తే పెదాలు నేరేడుపండు తిన్నట్టు నీలంగా అయ్యేవి, గోళ్ళు కూడా. ఏడాదిన్నర దాటాక గాని నడవలేదు. నడిచినా పది పదిహేను అడుగులకే గొంతుక్కూచునేది. మోకాళ్ళు రొమ్ముకు ఆనించి, తల వంచుకుని కాసేపు అలాగే ఉండి, లేచి మళ్ళీ నడిచేది.

మా గనిలో ఆడవాళ్ళు రాయి ముందు కూచునేది సరిగ్గా అలాగే. పాలెమంతా ఒకటే మాట: “తల్లి ఎట్ట కూచోని బెజ్జం కొట్టిందో పిల్ల అట్టనే కూచుంటంది.” ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? నేను నమ్మాను. పిల్ల కూచున్నప్పుడు కొందరు చేతికి పుల్ల ఇచ్చి నేల మీద కొట్టమనేవాళ్ళు. కొట్టేది. అందరూ నవ్వితే అదీ నవ్వేది. నాంచారమ్మ ఒక్కతే వచ్చి పుల్ల లాగేసుకుని పిల్లను ఎత్తుకుని పోయేది. అప్పుడు నాకు ఆమె మీదే కోపం వచ్చేది.

7. ఏడాది నిండినప్పుడే నరసరావుపేటలో ఒక డాక్టరు గారికి చూపించాం. రొమ్ము మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. గుండె లోపలి గోడకు బెజ్జం ఉన్నట్టుంది, గుంటూరు తీసుకెళ్ళండి, అక్కడ చూసి మద్రాసు పంపుతారు, ఆపరేషను చేసేవాళ్ళున్నారు అని చెప్పారు. అన్ని మాటల్లో నాకు బెజ్జం అన్న మాట ఒక్కటే వినపడింది. బస్టాండులో పదిమంది ముందు నాంచారమ్మను అడిగాను, “నువ్వు కొట్టిన బెజ్జమేనంట. ఇంకేం కావాలే నీకు?” ఆమె పిల్లను ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

దోషానికి డాక్టరేం చేస్తాడని గుంటూరు తీసుకెళ్ళలేదు. శాంతి చేయించాను. తాయెత్తు కట్టించాను. పిల్లకు పేరు పెట్టిన దర్గాకే మళ్ళీ తీసుకెళ్ళి ఫాతెహా ఇప్పించాను. వెళ్దాం, గుంటూరు వెళ్దాం అని నాంచారమ్మ అంటూనే ఉంది. అలా రెండేళ్ళు గడిపేశాను.

చివరికి పోయిన ఏడు ఆగస్టు 22, సోమవారం పొద్దున, మాచర్లలో రైలెక్కుదామని బయలుదేరాం. పిల్లకు పచ్చ గౌను తొడిగింది. రైలు చూడబోతున్నానని దానికి ఎంత సంబరమో, ఎత్తుకుంటానంటే ఒప్పుకోలేదు, నడిచే వస్తానంది. గడప దాటి పది అడుగులు వేసి కూచుంది. మేము ఆగాం. ఎప్పుడూ కాసేపటికి లేచేదే కదా అని నేను సంచీ కింద పెట్టి చుట్ట కూడా వెలిగించాను. ఆ రోజు లేవలేదు.

సాయంత్రం మునసబు గారు కారణం ఏమిటని అడిగితే, ఒకటో నంబరులో ఉన్న వాక్యం నేను చెప్పాను, ఆయన రాశారు. ఆయన చెప్పింది రాసే మనిషి. ఆయన్ని తప్పు పట్టను.

8. ఈ సెప్టెంబరులో గులాం మొహిద్దీన్ నన్ను గుంటూరుకు తోడు రమ్మన్నాడు. అతను మాచర్లలో మెకానిక్కు, మా గనిలో కంప్రెసరు చెడిపోతే వచ్చి బాగుచేస్తాడు. ఏడు నెలల కొడుకు ఇస్మాయిల్ గుండెలో ఏదో చప్పుడు వినిపిస్తోందన్నారట. రైల్లో వాళ్ళావిడ పీరాంబీ పిల్లవాడిని పడుకోబెట్టుకుంటుంటే మొహిద్దీన్‌ను తలుపు దగ్గరికి పిలిచి, గ్రహణంలో మీ ఆవిడ ఏం చేసిందని మెల్లగా అడిగాను. “ఏ గ్రహణం మస్తానూ? అది పట్టి నాలుగేళ్ళాయె. అప్పటికి మాకు పెళ్ళే కాలా” అన్నాడు. నరసరావుపేట వచ్చేదాకా నేను ఆ తలుపు దగ్గరే నిలబడ్డాను.

గుంటూరులో ప్రభావతి గారని పిల్లల డాక్టరమ్మ. ఇస్మాయిల్‌ను చూసి, బెజ్జం చిన్నదే, ఇలాంటివి చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి, ఆర్నెల్లకోసారి తీసుకురండి అన్నది. మొహిద్దీన్ దంపతులు కళ్ళు తుడుచుకున్నారు. నాకు సంతోషం కలగలేదు, అసూయ కలిగింది. రాయకూడదేమో గాని కలిగింది. వాళ్ళ వెనక నిలబడే అడిగాను, “అమ్మా, ఆరో నెల్లో తల్లి రాయికి బెజ్జం కొడితే బిడ్డ గుండెకు పడుద్దా?” ఆమె నవ్వి ఉంటే నేను అక్కడి నుంచి వచ్చేసేవాడిని. నవ్వలేదు. ఎవరి బిడ్డ అని అడిగింది. కూచోమని చెప్పి, మందుల చీటీ వెనక్కి తిప్పి బొమ్మ వేసింది.

గుండె మొదట గుండెలాగా ఉండదట. కడుపులో పడ్డ మూడు వారాలకు అది ఒక సన్నటి గొట్టం, అంతే. అప్పుడే కొట్టుకోవటం మొదలుపెడుతుందట. ఆ తర్వాత ఆ గొట్టం మెలి తిరిగి, ఉబ్బి, లోపల గోడలు లేస్తాయి. కింద నుంచి ఒకటి, పై నుంచి ఒకటి వచ్చి మధ్యలో కలుసుకుంటే నాలుగు గదులవుతాయి. పైన ఒక్కటిగా ఉన్న పెద్ద నాళం కూడా రెండయి, ఒకటి ఊపిరితిత్తులకు, ఒకటి ఒంటికి పోవాలి. ఇదంతా ఎనిమిది వారాల్లో అయిపోతుందట. అప్పటికి బిడ్డ బొటనవేలి కణుపంత కూడా ఉండదు.

నీలం తిరగటం, గొంతుక్కూచోవటం చెబితే ఆమె బొమ్మలో ఊపిరితిత్తులకు పోయే నాళం మీద కలం ఆనించింది. పిల్లను చూడకుండా గట్టిగా చెప్పలేనంటూనే, గోడ కలవకపోవటంతో పాటు ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకై ఉంటుందన్నది. అలా మోకాళ్ళు ముడుచుకుని కూచుంటే కాళ్ళలోకి పోయే నెత్తురు తగ్గి, ఊపిరితిత్తులకు ఇంకాస్త అందుతుందట. ఎవరూ నేర్పకుండా సైదమ్మ తనకు తానే కనిపెట్టుకున్న మందు అది. దానికి మేము పుల్ల ఇచ్చి ఆడించాం.

డాక్టరమ్మ చివరికి అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: “ఫిబ్రవరి నాటికి ఆ పిల్ల గుండె తయారవటం అయిపోయి నాలుగు నెలలైందయ్యా. మీ ఆవిడ ఏ బెజ్జమూ కొట్టలేదు. కట్టుకోవాల్సిన గోడ పూర్తిగా కట్టుకోలేదు. ఎందుకని అడిగితే చాలాసార్లు మాకూ తెలియదు. వెయ్యి మందిలో ఎనిమిది మంది గుండెలో ఏదో ఒక లోపంతో పుడతారు.”

నేను రాతిపనివాణ్ణి. మాకు బెజ్జమంటే ఉన్న రాయిని తొలిచి తీసేయటం. నా బిడ్డ గుండెలో ఎవరూ ఏదీ తీయలేదని అప్పుడు అర్థమైంది. వేళ్ళ మీద లెక్కేసుకుంటే ఆ గోడలు లేచిన రోజులు 1979 దసరాకు అటూ ఇటూ. ఆ రోజుల్లో మేము ఏం చేశామో గుర్తు తెచ్చుకుందామని తిరుగు రైల్లో ఎంతో ప్రయత్నించాను. ఏమీ గుర్తు రాలేదు. మామూలు రోజులు. గనికి పోయాం, వచ్చాం, అన్నం తిన్నాం. నెల తప్పిన సంగతి ఆమె నాకు ఇంకా చెప్పను కూడా లేదు.

ఇంకొక సంగతి చెప్పింది, కచ్చేరి వారికి పనికొస్తుందేమోనని రాస్తున్నాను. కడుపులో ఉండగా ఊపిరి పీల్చే పని లేదు కాబట్టి, పుట్టబోయే ప్రతి బిడ్డకూ గుండె పై గదుల మధ్య ఒక కిటికీ ఉంటుందట. పుట్టి గాలి పీల్చాక మూసుకుంటుందట. ఆ లెక్కన సదరు గుమాస్తా గారి గుండెకు, క్షమించాలి, తమరి గుండెకు కూడా ఒకప్పుడు బెజ్జం ఉండేది. తమ తల్లిగారు ఏ రాయీ కొట్టి ఉండరు.

శావల్యాపురం వెళ్ళి ఇదంతా నాంచారమ్మకు చెప్పాను. “అయితే నేను కాదా?” అని అడిగింది. కాదన్నాను. మళ్ళీ అడిగింది. మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ కాదన్నాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. పుస్తకంలో రాయించింది నువ్వే కదా, ముందు అది కొట్టేయించుకుని రా, తర్వాత మాట్లాడదాం అన్నది. పున్నారావు నన్ను ఊరి చివరి దాకా సాగనంపుతూ, “చెల్లెల్ని పొమ్మనటానికి నాకు నోరెట్టా వచ్చుద్ది బావా? ఆడోళ్ళ నోళ్ళు మాత్రం నేను మూయలేను. ఆ కాగితం తొందరగా తీసుకురా” అని బతిమాలాడు.

9. ఆ రోజు నాంచారమ్మ తనంతట తాను గనికి పోలేదు. నేను పంపాను. మర్నాడు పొద్దున లారీ వస్తుంది, ఇరవై కంచెరాళ్ళలో ఒకదానికి బెజ్జాలు మిగిలిపోయాయి. బయటికి పోవాలంటే నాకు భయమేసింది. భయమేసిందని పెళ్ళాం ముందు ఒప్పుకోలేక, “ఇంకా చానా టైముందిలే, ఆ రెండు బెజ్జాలు కొట్టేసి గబాల్న రా” అన్నాను. టైము లేదు. లేదని నాకు తెలుసో తెలియదో ఇప్పుడు ప్రమాణం చేసి చెప్పలేను.

వెలుతురు తగ్గటం చూసి ఆమె పరిగెత్తుకుంటూ వచ్చింది. నేను లోపల గడియ పెట్టుకుని ఉన్నాను. తలుపు కొట్టి, నేనే, తియ్యమంది. తీస్తే గ్రహణం ఇంట్లోకి వస్తుందని తీయలేదు. “ఆడనే గోడవార కూచో, వెలుగొచ్చినాక తీస్తా” అన్నాను. ఆరు నెలల కడుపుతో నా భార్య నా గుమ్మం బయట ఆ పట్టపగలు చీకట్లో కూచుంది. కోళ్ళు సందెవేళ అనుకుని గూటికి చేరుతున్న చప్పుడు నాకు వినపడింది. ఆమె మళ్ళీ తలుపు కొట్టలేదు.

ఈ సంగతి ఆమె కులపెద్దల ముందు చెప్పలేదు, అన్నకు చెప్పలేదు. చెప్పి ఉంటే తీర్పు మరోలా ఉండేది. నేనూ చెప్పలేదు. దోషం ఆమెదని పదిమందిలో అరవటం నాకు తేలికైంది. ఆమెది కాదంటే పంపినవాడిది అవుతుందని భయం. ఇప్పుడు డాక్టరమ్మ మాట ప్రకారం గుండె సంగతిలో ఇద్దరి తప్పూ లేదు. గుంటూరు తీసుకెళ్ళకుండా గడిపిన రెండేళ్ళు మాత్రం నావే. తలుపు తీయని సంగతి ఏ గడిలో రాయించాలో నాకు తెలియదు, అందుకని అర్జీలో రాశాను.

కావున తమరు దయతలచి, సదరు వాక్యం మీద ఊరికే ఒక గీత గీసి వదిలేయకుండా, వెలుతురుకు పట్టి చూసినా చదవటానికి వీల్లేకుండా కొట్టివేయించాలి. దాని చోట ‘పుట్టుకతో వచ్చిన గుండె జబ్బు, తల్లి దోషం ఏమీ లేదు’ అని రాయించాలి. రెండో ముక్కకు నిబంధన ఒప్పుకోదంటే మొదటి ముక్కయినా చాలు. వేరొక వ్యక్తి అభ్యంతరం చెప్పి తీరాలంటే, ఆనాడు సంతకం చేసిన మస్తాన్‌రావు ఒకడు, ఈనాడు చేస్తున్న మస్తాన్‌రావు వేరొకడు అని రాసుకోండి. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి విచారించినా నాకు సమ్మతమే.

ఇంత పొడుగు రాసినందుకు విసుక్కోక చిత్తగించి, పున్నారావు ఇంట పురుడు వచ్చేలోగా నకలు చేతికి అందేట్టు చూడవలెనని చేతులు జోడించి అడుగుతున్న

తమ విధేయుడు,
వల్లెపు మస్తాన్‌రావు

జతపరచినవి: డాక్టరు ప్రభావతి గారి ఉత్తరం ఒకటి. ఆమె గుండె బొమ్మ వేసిన చీటీ ఒకటి. చీటీ మాత్రం పని అయ్యాక తిరిగి ఇప్పించగలరు.

తా.క. (23-11-1984): ఈ అర్జీ తమకు దాఖలు చేసే ముందు శావల్యాపురం తీసుకెళ్ళి నాంచారమ్మకు మొత్తం చదివి వినిపించాను. గొడ్లపాక ముందు కూచుని కందులు చెరుగుతూ విన్నది. తొమ్మిదో నంబరు దగ్గర చేట ఆగింది. తిడుతుందని ఆగాను. చదవమన్నట్టు చేత్తో సైగ చేసింది. విధేయుడు అన్నదాకా చదివి, ఇంటికి వస్తావా అని అడిగాను. ఆమె ఆ పుస్తకంలో పిల్ల వయసు ఎంతని రాసి ఉందని అడిగింది.

రెండేళ్ళని ఉంది. ఆ సాయంత్రం మునసబు గారు వయసు అడిగితే, రెండో మూడో, రెండని వేసుకోండి అన్నాను. ఉన్న మాట చెప్పాను.

“రెండేళ్ళు కాదు. మూడేళ్ళ మూడు నెల్ల ఎనిమిది రోజులు” అన్నది. “రోజూ ఎత్తుకున్నదాన్ని, నాకు తెలవదా? ఏడాది పైన అది బతకనే లేదని రాపిచ్చావు.”

అయ్యా, కారణంతో పాటు వయసు కూడా నేను తప్పే చెప్పాను. కాబట్టి దిద్దవలసిన గడులు రెండు. రెండూ ఒకేసారి కుదరవంటే ముందు వయసు దిద్దమని అడగమంది.